మూడు గరాట్లు, ముప్పై సీసాలు

మొన్న మా ఇంటికొచ్చినప్పుడు మీరంతా అడిగారు కదా, ఫ్యాను స్విచ్ పక్కన మేకుకి తళతళలాడే స్టీలు గరాటు ఎందుకు వేలాడుతోందని? మా ఆవిడ నూకాలు ముసిముసిగా నవ్వింది, నేను మాట మార్చేశాను. ఆవిడ ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు. ఇవాళ ఆవిడ లేదు, టీ వేడిగా ఉంది, చెప్పేస్తాను. ఒకటే షరతు. మధ్యలో నవ్వారంటే ఆపేస్తాను. నవ్వేదేదో చివర్లో నవ్వుకోండి!

నా సంగతి మీకు తెలిసిందే. ఈ బర్మాలో, అహ్లోన్ రేవులో బస్తాలు దింపించడంలో జుట్టు నెరిసినవాణ్ణి. సంచీ చూసి బరువు చెప్తాను, తాడు చూసి ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్తాను. అంచేత మా ఇంట్లో పర్చేజ్ డిపార్ట్‌మెంటు మొత్తం నేనే. చీపురు దగ్గర్నుంచి మిక్సీ దాకా నేను బేరం చెయ్యని వస్తువు మా గడప తొక్కలేదు. నూకాలు నా మేనమామ కూతురే, చిన్నప్పట్నుంచీ నన్ను ఎరిగిన మనిషి. ఎరిగుండి కూడా పెళ్ళి చేసుకుంది. ఆ తప్పుకి ఇప్పటికీ నన్నే తిడుతుంది.

సరే, అసలు సంగతి. మా కింది అంతస్తులో డా టిన్ అని బర్మా పెద్దావిడ ఉంటుంది. మా వంటింట్లో పోపు వేగిందంటే ఆవిడ మెట్లెక్కి వచ్చేస్తుంది. నూకాలు చేసే పప్పుల పొడి అంటే ఆవిడకి ప్రాణం. వేయించిన పప్పులు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, అంతే! వేడన్నం మీద చల్లుకుని కళ్ళు మూసుకుని తింటుంది. ఈ వానాకాలం ఆవిడ వాళ్ళ మఠంలో అహ్లూ పెట్టుకుంది. అదే, ఫొంజీలకి చీవరాలిచ్చి, అన్నం పెట్టి, ఆ సన్యాసులు తిన్నాక వచ్చినవాళ్ళందరికీ వడ్డించే దానం.

"మ నూకా, మొత్తం ముప్పై గుండ్రబల్లలు. ప్రతి బల్ల మీదా నీ పొడి ఒక సీసా పెట్టాలని నా కోరిక" అంది డా టిన్. వాళ్ళు మర్యాదకి ఆడవాళ్ళ పేరు ముందు మ అనీ, మగవాళ్ళకి కో అనీ పెడతారు లెండి. "తాకేటాలో మా చెల్లెలికి అన్నం హోటలుంది. అదీ వస్తుంది. దానికి నచ్చిందంటే ఇక రోజూ ఆ హోటల్లో నీ పొడే."

నూకాలు మొహం చూడాలి మీరు! ఇన్నేళ్ళూ అందరూ వచ్చి, తిని, "నువ్వు ఇది అమ్మితేనా..." అనేసి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయినవాళ్ళే. నిజంగా ఆర్డరిచ్చిన మొదటి మనిషి డా టిన్. ఆ పూట నూకాలుకి సంతోషంతో అన్నం సయించలేదు. నాకూ గర్వంగానే ఉంది. అందుకే పని నా నెత్తిన వేసుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కంతా!

"బావా, ముప్పై సీసాలు తే. మూతి ఎడల్పుగా ఉండాల. ఇన్నావా? ఎడల్పుగా!"

విన్నాను. వినే వెళ్ళాను. కానీ లమ్మడా బజార్లో ఒక కొట్లో కొత్త ఖాళీ తలనూనె సీసాలు కనపడ్డాయి. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళలేదట, సగానికి సగం ధర! గాజువి. సన్నటి నడుము, పొడుగాటి మెడ, ఎంత ముద్దొచ్చాయో! మూతి మాత్రం చిటికెన వేలు దూరేంత. అంత అందం ఎదురుగా ఉంటే మూతి ఎవరు చూస్తారండీ? ముప్పై కట్టించుకుని వచ్చేశాను.

నూకాలు ఒక సీసా ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కంటితో లోపలికి చూసింది.

"ఏటిది బావా? ఇందులో పొడి ఎయ్యమంటావా, సెంటు ఎయ్యమంటావా?"

"అందంగా లేవూ?"

"అందానికేటి, ఉన్నాయి. ఇందులోకి పొడెలగ దిగుతాది? నువ్వు ఊదుతావేటి?"

"గరాటు తెస్తాను. దానికేముంది!"

"తెస్తే పొడి గరాటు తే. నూనె గరాటు కాదు. ఎల్లు!"

మర్నాడు శనివారం. మళ్ళీ లమ్మడా. అక్కడి హోల్‌సేల్ వీధిలో ఊ ఛిట్ అని ముసలాయన, ఆయన కొట్లో గిన్నెలూ జల్లెళ్ళూ గరిటెలూ నేలనుంచి కప్పు దాకా ఉంటాయి. మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. నేను గరాటు అనగానే కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అడిగాడు.

"నూనెకా, పొడికా?"

"పొడికి."

ఒక స్టీలు గరాటు తీసి, తుడిచి, రెండు చేతుల్లో పెట్టుకుని చూపించాడు, పెళ్ళికూతుర్ని చూపించినట్టు. "ముక్కు చూడు. పొట్టిగా, వెడల్పుగా ఉంది, పొడి ఇరుక్కోదు. గోడ నిటారుగా ఉంది, దానంతటదే జారిపోతుంది. ప్లాస్టిక్ అయితే పొడి గోడకి అంటుకుంటుంది. దీనికి అంటుకోదు. మూతి చిన్నదైనా సరే, సీసా మీద కదలకుండా కూర్చుంటుంది."

"ఎంత?"

"పన్నెండు వేల చాట్లు."

నాకు నవ్వొచ్చింది. రేకు చుట్టి ముక్కు పెట్టినదానికి పన్నెండు వేలా? రేవులో తలపండిన అప్పన్న దగ్గరా ఈ ఉపన్యాసం? తలెత్తి చూశాను. పైన ప్లాస్టిక్ గరాట్ల సెట్టు ఒకటి వేలాడుతోంది, పచ్చటి రంగు, ఒకదాంట్లో ఒకటి దూరి.

"అదెంత?"

"పదిహేను వందలు. పెద్దది, మధ్యది, చిన్నది. కానీ అవి నూనెకి."

మూడు! పదిహేను వందలకి మూడు! మూడింట్లో ఒకటైనా పట్టకపోతుందా?

"నూనె దిగిన దారిలో పొడి దిగదా ఏమిటి?" అన్నాను.

 ఊ ఛిట్ కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. పదమూడు వందలకి ఇమ్మన్నాను. మారుమాట లేకుండా ఇచ్చేశాడు. అంత తేలిగ్గా బేరం తెగినప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా! రాలేదు. బస్సులో ఈల వేసుకుంటూ వచ్చాను.

ఆ సాయంత్రం కరెంటున్నప్పుడు నూకాలు పొడి ఆడింది. వేడి తగ్గాలని పొద్దున దాకా ఆగాం. ఆదివారం ఆరున్నరకి నేను రంగంలోకి దిగాను. పదింటికి డా టిన్ వాళ్ళ వ్యాను బయల్దేరాలి. ఫొంజీలు మధ్యాహ్నం దాటితే మెతుకు ముట్టరు, కాబట్టి పదకొండింటికల్లా బల్లల మీద అన్నీ ఉండాలి. ఆలస్యమైందా, అంతే, పొడి లేకుండానే అహ్లూ అయిపోతుంది.

"నువ్వు తలంటుకుని చీర కట్టుకో. ఇది గంటలో అయ్యే పని" అన్నాను నూకాలుతో. ఒక గిన్నెడు పొడి నా ముందు పెట్టి, నన్నూ గరాట్లనీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళింది. 

పెద్ద గరాటు పెట్టాను. దాని ముక్కు సీసా మూతికంటే లావు, ఎటు పెట్టినా ఒరిగిపోతోంది. మధ్యది పెట్టాను. దూరింది! సగం దూరి బిగుసుకుపోయింది. లాగితే సీసాతో సహా పైకి వచ్చింది. దాన్ని విడదీయడానికి ఒక కాలు సీసా మీద, రెండు చేతులు గరాటు మీద. చిన్నది మాత్రం ఎంత చక్కగా కూర్చుందో! చూశావా ఊ ఛిట్, అనుకుంటూ రెండు చెంచాల పొడి వేశాను. గరాటు నిండింది. సీసాలో చూస్తే ఏమీ లేదు. తట్టాను. ఒక చిటికెడు రాలింది. ఇంకా గట్టిగా తట్టాను. అదీ రాలలేదు. కబాబులు గుచ్చే వెదురు పుల్లల కట్ట ఉంటే ఒకటి తీసి పొడిచాను. పొడి ఇంకా బిగిసి కూర్చుంది. తీసి, దులిపి, పొడిచి, ఊది, ఇరవై నిమిషాల్లో ఒక్క సీసా. అది కూడా సగం!

"అయినాయా బావా?" స్నానాల గదిలోంచి కేక.

"అవుతున్నాయి!"

"ఎన్నయినాయి?"

"అవుతున్నాయన్నాను కదా!"

అప్పుడు నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా ఏదో ఒకటి పగులుతుంది, అది వేరే సంగతి. తప్పు గరాటుది కాదు, తేమది! వానాకాలం కదా, పొడి చెమ్మగిల్లింది, అందుకే దిగడం లేదు. కాస్త గాలి తగిలితే పొడిపొడిగా ఇసుకలా జారిపోతుంది. వెంటనే ఉతికిన తెల్ల పంచె ఒకటి తెచ్చి, హాలు మధ్యలో పరిచి, గిన్నెలో ఉన్న పొడంతా దాని మీద పల్చగా నెరిపాను. మోకాళ్ళ మీద కూర్చుని, మొహం దగ్గరగా పెట్టి, ఉండలు చిదుపుతున్నాను.

హాలు మధ్యలో అన్నాను కదా. దాని పైన ఏముంటుంది? ఫ్యాను.

కరెంటు లేదు కాబట్టి ఫ్యాను సంగతే నాకు గుర్తు లేదు. మీ ఇళ్ళలోనూ అంతే కదా, కరెంటు పోయాక ఏదో ఒక స్విచ్చి వేసే ఉంచుతాం, వచ్చినప్పుడు తెలియాలని. అందరూ లైటు ఉంచుతారు. పగటిపూట లైటు వెలిగితే ఏం తెలుస్తుంది, ఫ్యాను అయితే గాలి కూడా వస్తుందని మా ఇంట్లో రూలు పెట్టింది ఎవరు? నేనే. అదీ ఫుల్ స్పీడులో పెట్టాలని. ఆ వారం మా లైనుకి తొమ్మిదింటికి కరెంటు రావాలి. చెప్పిన టైముకి ఏనాడూ రాని కరెంటు, ఆ రోజు ఏడున్నరకే వచ్చేసింది!

నెత్తిమీద గుర్రుమంది. ఒక్క క్షణం, నిజం చెప్తున్నాను, ఆహా కరెంటొచ్చింది అని సంతోషపడ్డాను. రెండో క్షణంలో పంచె మీద పొడి లేదు. గాల్లో ఉంది. గాల్లో, గోడల మీద, దేవుడి క్యాలెండరు మీద, నా కళ్ళలో, ముక్కులో, "అమ్మో!" అని తెరిచిన నోట్లో! సరిగ్గా అప్పుడే వీధి వీధంతా "మీ లాబ్యీ!" అని అరిచింది. కరెంటొచ్చిందని బర్మా బాసలో సంబరం. నేను "చచ్చానురో!" అని పెడుతున్న కేకలన్నీ ఆ సంబరంలో కలిసిపోయాయి. ఎదురింటి పిల్లలు నాకు చెయ్యి కూడా ఊపారట, అప్పన్నగారు కూడా భలే సంతోషపడుతున్నారని!

తడుముకుంటూ వెళ్ళి స్విచ్ ఆపేసరికి మెట్ల మీద తుమ్ములు. నాలుగు అంతస్తులూ తుమ్ముతున్నాయి. డా టిన్ భుజం మీది తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"కో అప్పన్నా, ఇవాళ ఎర్ర తనకా పూసుకున్నారా?"

గంధంలా అరగదీసిన పచ్చటి తనకా బుగ్గలకి పూసుకోవడం వాళ్ళ అలవాటు. నాకు నెత్తినుంచి పాదాల దాకా ఉంది, ఎర్రగా! నవ్వుదామనుకునేలోగా లోపలి తలుపు తీసిన చప్పుడైంది. నూకాలు. తడి జుట్టు, కొత్త చీర. గోడలు చూసింది. ఖాళీ పంచె చూసింది. నన్ను చూసింది.  కళ్ళనిండా నీళ్ళు. కారం ఘాటుకి అందరికీ వచ్చినాయి గానీ, ఆ నీళ్ళు కారానివి కావని నాకు తెలుసు. నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్ళకి దానికి వచ్చిన ఒక్క ఆర్డరు, దాన్ని నేను పిడికెడు పొడి మిగల్చకుండా గాల్లో కలిపేశాను.

"నూకాలూ, నేను..." అన్నాను. తుమ్మొచ్చింది.

ఆవిడ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళి మూతపెట్టిన పెద్ద స్టీలు డబ్బా తెచ్చి ఠంగుమని నా ముందు పెట్టింది. సగానికి పైగా పొడి!

"ఇదెక్కడిది?"

"నీ సేతికి మొత్తం ఇస్తాననుకున్నావేటి బావా? నీ సంగతి నాకు తెల్దా?"

అలాంటి భార్య దొరకడం అదృష్టమో, అలా అనిపించుకోవడం సిగ్గో, ఆలోచించే టైము లేదు. కరెంటు ఎలాగూ వచ్చింది కదా అని తక్కువైన పొడికి మిరపకాయలూ పప్పులూ వేయించి మిక్సీలో వేసేసింది. అది తిరుగుతుండగానే కత్తిపీట లాక్కుని కూర్చుంది.

"ఆ మద్దెది ఇలగియ్యి."

మధ్య గరాటు ఇచ్చాను. ముక్కు సగానికి పట్టి, బీరకాయ తొడిమ తీసినట్టు కసుక్కున కోసి పారేసింది. పొడుగు ముక్కు పోయి, వెడల్పాటి పొట్టి ముక్కు మిగిలింది. సీసా మీద పెడితే కదలకుండా కూర్చుంది. అచ్చం ఊ ఛిట్ చూపించిన స్టీలు గరాటులా! నేను నోరు తెరిచాను గానీ మళ్ళీ మూసేశాను, అప్పటికే అందులో చాలా కారం ఉంది.

ఇక చూడండి పని. నూకాలు పొయ్యడం, నేను పుల్లతో కదపడం, డా టిన్ సీసా అడుగు తట్టి మూత బిగించడం. పదికి ఐదు నిమిషాలుందనగా ముప్పై సీసాలూ బుట్టలో సర్దేశాం. ఎర్రటి పొడి, గాజు సీసాలు, సన్నటి నడుములు, మెరిసిపోతున్నాయి! వ్యానులో కూర్చుని నూకాలుతో అన్నాను, "ఎంతైనా సీసాలు మాత్రం బాగా కుదిరాయి కదూ?" ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. బుట్టలో ఓ పక్కన మిగిలిన వెదురు పుల్లల కట్ట కూడా పెట్టుకొచ్చింది. ఎందుకో నేను అడగలేదు.

మఠం హాల్లో ఫొంజీలు బల్లల చుట్టూ కూర్చున్నారు. పక్కన నిలబడి మేమంతా చేతులు జోడించాం. సయాడో, అంటే ఆ మఠం పెద్దాయన, మొదటి ముద్ద ముందు నా సీసా అందుకున్నారు. వెలుతురుకి ఎత్తి చూశారు. నా ఛాతీ రెండింతలైంది. మూత తీసి అన్నం మీద వంపారు. ఏమీ పడలేదు. ఊపారు. పడలేదు. అడుగున ఒక దెబ్బ కొట్టారు. ఒక చిటికెడు రాలింది, అంతే.

అప్పుడు వెలిగింది నాకు! లోపలికి దిగడానికి అంత గొడవ చేసిన పొడి బయటికి మాత్రం ఎలా వస్తుంది?

హాలంతా తప్, తప్, తప్. ఫొంజీలందరూ మౌనంగా, ఎంతో మర్యాదగా, సీసాల అడుగులు కొట్టుకుంటున్నారు. వాళ్ళ ప్రార్థన కూడా ఏనాడూ అంత తాళంలో సాగి ఉండదు. డా టిన్ నా వైపు చూడటం లేదు. తాకేటా చెల్లెలు డా టిన్ వైపు చూస్తోంది. నేను ఏ స్తంభం వెనక నిలబడితే కనపడనా అని చూస్తున్నాను. ఇంతలో నూకాలు మోచేత్తో నన్ను పొడిచి బుట్టలోంచి వెదురు పుల్లల కట్ట చేతిలో పెట్టింది.

"దిగడానికి పుల్ల కావాలొచ్చింది, రాడానికి అక్కర్నేదేటి? ఎల్లు, బల్లకొకటి పెట్టీసి రా!"

వెళ్ళాను. బల్ల బల్లకీ వంగి, రెండు చేతులతో, ఒక్కో పుల్ల సమర్పించుకున్నాను. సయాడో పుల్లతో పొడి కదిపి అన్నంలో వేసుకుని, తిని, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. అచ్చం డా టిన్ లాగే. తర్వాత నన్ను చూసి అడిగారు.

"ఈ సీసాలు ఎంచినది ఎవరు?"

నూకాలు, డా టిన్, వ్యాను డ్రైవరు, ముగ్గురూ ఒకేసారి నా వైపు చూశారు.

"చాలా మంచి సీసాలు" అన్నారు సయాడో. "నాలుకని అదుపులో పెట్టుకోండని వీళ్ళకి ఎన్నేళ్ళుగానో చెప్తున్నాను. ఎవరూ వినలేదు. ఈ సీసా ఒక్క పూటలో నేర్పేసింది."

నవ్వకూడని చోట ముప్పై బల్లలూ నవ్వాయి. నూకాలు కూడా. పొద్దున్నుంచి అది నవ్వడం అదే మొదటిసారి, అందుకని నాకూ హాయిగానే అనిపించింది.

ఫొంజీలు తిని లేచాక మిగతావాళ్ళు బల్లల దగ్గర కూర్చుని ఇంకా ఆ మాటకే నవ్వుకుంటున్నారు. తాకేటా చెల్లెలు మాత్రం నవ్వలేదు, ఆవిడకి తీరిక లేదు. పుల్లతో సీసా అడుగు దాకా గీరి గీరి తింటోంది. చేతులు కడుక్కుని నేరుగా నూకాలు దగ్గరికి వచ్చింది. "వచ్చే వారం నుంచి మా హోటల్లో ప్రతి బల్లకీ ఒకటి కావాలి. పొడి ఇలాగే ఉండాలి" అంది. కాస్త ఆగి నా వైపు చూసి, "సీసా మాత్రం ఇలా ఉండకూడదు" అంది.

మర్నాడు నేను ఏం చేశానో తెలుసా? ఎవరికీ చెప్పకుండా లమ్మడా వెళ్ళాను. ఊ ఛిట్ ముందు నిలబడి, ఆ స్టీలు గరాటు చూపించి, పన్నెండు వేలూ లెక్కపెట్టి ఇచ్చేశాను. బేరమాడలేదు! నా జీవితంలో మొదటిసారి! ఆయన పాత క్యాలెండరు కాగితంలో చుట్టి, రెండు చేతులతో అందించాడు. నూకాలు ఎంత సంతోషపడుతుందో అనుకుంటూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

హాల్లో నూకాలు కూర్చుని ఉంది. చుట్టూ కొత్త సీసాలు. తనే వెళ్ళి కొనుక్కొచ్చుకుంది. పొట్టివి, లావువి, అందం చందం ఏమీ లేదు. మూతి మాత్రం ఇంత! పక్కన డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పెడు పొడి తీసి, సీసాలో వేసి, మూత పెట్టేస్తోంది. నేను కాగితం విప్పి గరాటు చూపించాను. అది తళతళ మెరిసింది.

"గరాటెందుకు బావా ఇప్పుడు?" అంది నూకాలు. "సెయ్యే దూరిపోతంటే!"

దాన్ని తీసుకెళ్ళి ఫ్యాను స్విచ్ పక్కన మేకుకి తగిలించింది కూడా ఆవిడే. స్విచ్ మీద చెయ్యి వేసినప్పుడల్లా నాకు కనపడాలట. పర్చేజ్ డిపార్ట్‌మెంటు ఆ రోజే మూతపడింది. ఇప్పుడు నాకు మిగిలింది సీసాలు తాకేటాకి మోసే డ్యూటీ.

పోయిన వారం లమ్మడా వీధిలో ఊ ఛిట్ ఎదురుపడి అడిగాడు, "ఆ పొడి గరాటు ఎలా పనిచేస్తోంది?"

"అద్భుతం!" అన్నాను. "కొన్న దగ్గర్నుంచి ఒక్కసారి కూడా పొడి ఇరుక్కోలేదు."